రెండున్నర సెకన్లు

ఆ ఎండాకాలం మొదట్లో ఓ మధ్యాహ్నం మా ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, గ్లాసులో నీళ్ళు సగం తాగి, "ఎండలు తగ్గాక నాకు అభిషేకం. పాస్టరునవుతున్నాను," అన్నాడు.

మా అత్తగారికి కాస్త చెవుడు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని, "ఏ సీరియల్లో రా?" అంది.

"సీరియల్లో కాదమ్మా. నిజంగానే."

"ఎన్ని ఎపిసోడ్లు?"

"బతికున్నన్నాళ్ళూ."

"అయితే నయమే. ఎప్పుడాపేస్తారో అన్న బెంగ ఉండదు," అని ఆవిడ కంచం దగ్గరికి లాక్కుంది.

నేను నవ్వలేదు. కోపమూ రాలేదు. ఆయన నాలుగేళ్ళుగా పోస్టులో వచ్చే పాఠాలు చదువుతున్నాడనీ, పరీక్షలు రాస్తున్నాడనీ నాకు తెలుసు. కొందరు మగవాళ్ళు నలభై దాటాక చదరంగం పట్టుకుంటారు, కొందరు కుండీల్లో మొక్కలు పెంచుతారు, ఈయన వేదాంతం పట్టుకున్నాడనుకున్నాను. వంటింట్లో కుళాయి కారుతుంటే వెళ్ళి కట్టేసి వచ్చి, "సరే," అన్నాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. అక్కడేమీ దొరకలేదనుకుంటాను, మిగిలిన నీళ్ళు తాగేసి లేచాడు.

మా ఇద్దరి ఉద్యోగాల సంగతి ఇక్కడే చెప్పేయాలి. రెండు రోజులుంటానని పెట్టె పట్టుకుని దూరపు బంధువుల ఇంటికొచ్చి, పదకొండేళ్ళయినా కదలని చుట్టం వేషం ఆయనది. ఎపిసోడ్ చివర ఇంట్లో ఎవరో ఒకరు సూటిపోటిగా ఓ మాటంటారు. చుట్టానికి పౌరుషం పొడుచుకొస్తుంది. పెట్టె ఎత్తి "వెళ్తా...ను" అంటాడు. 'తా' దగ్గర గొంతూ పెట్టే రెండూ పైకి లేస్తాయి. 'ను' దగ్గర రెండూ కిందికి దిగుతాయి. ఆ పెట్టె మీదే చతికిలబడి, కళ్ళు కాస్త పెద్దవి చేసి రెండున్నర సెకన్లు గోడ వైపు చూస్తాడు.

ఆ రెండున్నర సెకన్లు నావి. నేను ఆ సీరియల్‌కి నవ్వులు వేసేదాన్ని.

మొదటి ఏడాది ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీశారు. తర్వాత అది తలకు మించిన పనని మానేశారు. ఆ మొదటి ఏడాది నవ్వుల్ని ముక్కలు కోసి, నంబర్లు వేసి పెట్టుకున్నాను. మొత్తం నూట పన్నెండు. పదిహేడు, ముక్కుతో నవ్వే పెద్దాయన. నలభై, ఆలస్యంగా అర్థమయ్యే ఆవిడ; అందరూ ఆగాక మొదలుపెడుతుంది. డెబ్బై ఒకటి దగ్గులోకి దిగిపోతుంది. వాళ్ళ ముఖాలెలా ఉంటాయో నాకు తెలియదు. కొందరు ఈపాటికి పోయే ఉంటారు, అయినా వారం వారం వచ్చి నవ్వి వెళ్తున్నారు. చీకటి గదిలో రోజుకి ఎనిమిది గంటలు నవ్వులు వినే మనిషికి తన నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? ముందు అది పోయింది. దాని వెనకే ఇంకేవేవో పోయాయి, ఏది ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు.

బయట మాత్రం మా ఆయనకి నడవడానికి లేదు. మందుల షాపులో, బస్సులో, పళ్ళ డాక్టరు కుర్చీలో, ఎక్కడ కనబడినా "వెళ్తున్నారా చుట్టం గారూ?" అని అడిగేవారు. ఆయన కాదనకుండా "వెళ్తా...ను" అని వాళ్ళ సరదా తీర్చి వచ్చేవాడు. ఓసారి దంతం పీకించుకుని, నోట్లో దూది పెట్టుకుని కూడా అన్నాడు.

రెండు వారాల తర్వాత బిషప్పుగారు ఇంటికొచ్చారు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. కుర్చీ అంచున కూర్చుని, ఫ్యాను గాలికి పేజీలు ఎగరకుండా ఒళ్ళోని పుస్తకం మీద కళ్ళజోడు పెట్టారు. మా ఆయనకి రాబోయే ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఉప్పు తీసే ఊరు. రైలు దిగి రెండు గంటలు బస్సులో పోవాలి. అక్కడ నవ్వులతో గానీ ఏడుపులతో గానీ పనిచేసే స్టూడియో ఏదీ లేదు.

"అభిషేకం రోజు మీతో కూడా ఓ పని ఉందమ్మా," అన్నారు నాతో. "ముందు ఈయన్ని అడుగుతాను, పంపిన చోటికి వెళ్తావా అని. వెళ్తాను అనాలి. తర్వాత మీ వైపు తిరిగి, తోడుగా మీరూ వెళ్తారా అని అడుగుతాను. మీరు లేచి నిలబడి అదే మాట చెప్పాలి. అప్పుడే పుస్తకంలో రాసుకుంటాను. మా దగ్గర పెళ్ళయినవాళ్ళని ఒక్కళ్ళనే పంపరు."

"లేవకపోతే?"

"లేవకపోతే ఆ రోజుకి అంతే. అభిషేకం ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు."



"నాకు తెలియడం లేదండీ," అన్నాను. "వెళ్ళాలనీ లేదు, వద్దనీ లేదు. నిజం చెప్పాలంటే ఈ మధ్య నాకు ఏదీ ఏమీ అనిపించడం లేదు."

బిషప్పుగారు నొచ్చుకోలేదు. "వేసవంతా ఉంది కదా. కానీ ఆ రోజు మాత్రం, అనిపించనిదే అనకండి. అందరూ చూస్తున్నారు కదాని లేవకండి," అన్నారు. తర్వాత కొంచెం ఇబ్బందిగా మా ఆయన వైపు తిరిగారు. "అసలు నా భయమంతా ఆ మాట గురించే. మా ఇంట్లోనూ మీ సీరియల్ అయితే గానీ కంచాలు పెట్టరు. మీరు 'వెళ్తాను' అనగానే మందిరమంతా ఘొల్లుమంటే నేనేం చెయ్యను?"

"ఆ ఒక్క మాటా మార్చకూడదాండీ?"

"మా తాతల నాటి మాట బాబూ. మారిస్తే పెద్దవాళ్ళు నన్ను మార్చేస్తారు."

ఆయన లేచి సంచీ తీసుకున్నారు. మా అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "వెళ్తున్నారా?" అంది మర్యాదగా.

"వెళ్తాను," అన్నారాయన. అన్నాక ముగ్గురి ముఖాలూ చూసి, సంచీ వైపు చూసుకున్నారు. అత్తగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

ఆ రోజు నుంచి మా ఆయన ఆ మాట సాధన మొదలుపెట్టాడు. స్నానాల గదిలో, మెట్ల మీద, బట్టలు ఆరేస్తూ. ఎలా మొదలుపెట్టినా 'తా' దగ్గర గొంతు లేచేది. చివరికి ఓ రోజు, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, నా స్టూడియోకి వచ్చాడు.

"నాకిది పోవడం లేదు. నువ్వు పోగొట్టాలి," అన్నాడు.

ఆయన్ని అద్దం అవతల గదిలో మైకు ముందు నిలబెట్టి, నేను ఇవతల కూర్చున్నాను. ఒక్కొక్కటీ రికార్డు చేసి ఆయనకే వినిపించాను. నాలుగోది కోపంగా వచ్చింది. తొమ్మిదోది ఎవరో చచ్చిపోయినట్టు వచ్చింది. పదకొండోది వినేసరికి ఆయనే తల పట్టుకున్నాడు. పందొమ్మిదో సారికి రాగం పోయింది. మామూలు మనిషి బస్టాండుకి వెళ్తానన్నట్టు అన్నాడు.

"వచ్చేసింది కదూ?" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ.

"రాగం పోయింది. కానీ ఆగుతున్నావు."

"ఎక్కడ?"

"మాట అయ్యాక. కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి పట్టి. రెండున్నర సెకన్లు. నువ్వు అలా ఆగితే వాళ్ళు నవ్వక చస్తారా?"

ఆయన మైకుని చేత్తో పట్టుకున్నాడు. "అది నీకోసం కదా," అన్నాడు. "నేను ఆగితే తర్వాత నువ్వొచ్చి నింపుతావు. పదకొండేళ్ళుగా అదే కదా మన కాపురం."

ఆ మాటకి నాకు ఏదో ఒకటి అనిపించి ఉండాలి. ఎదురుగా ఉన్న, చప్పుడు కొలిచే మీటరు చూశాను. ఇద్దరమూ మాట్లాడటం లేదు కాబట్టి ముల్లు అడుగున పడుకుని ఉంది.

"నేను లేవకపోతే నీ నాలుగేళ్ళ చదువూ గంగపాలే కదా," అన్నాను.

"అవును."

"నీకు బాధగా ఉండదా?"

"ఎందుకుండదు? కానీ అది నీకు చెప్తే, నన్ను చూడలేక లేస్తావు. అందుకే చెప్పడం లేదు."

"చెప్పేశావుగా ఇప్పుడు."

"నువ్వు అడిగావు," అన్నాడు ఉక్రోషంగా. మళ్ళీ మైకు ముందు సర్దుకుని నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదోసారికి ఆగడం కూడా మానేశాడు. మాట అనేసి, వెంటనే తల దించుకుని బయటికొచ్చాడు. బాగుందన్నాను. బాగానే ఉంది. నింపడానికి నాకు అందులో చోటు లేదు, అంతే.

ఎండలు ముదిరాయి. స్టూడియోలో చల్లగాలి మిషను రోజుకి రెండుసార్లు ఆగిపోయేది. సీరియల్ ఆఖరి ఎపిసోడ్ తీశారు. అందులో చుట్టం నిజంగానే వెళ్ళిపోతాడు. పెట్టె ఎత్తి "వెళ్తా...ను" అంటాడు. ఇంటిల్లిపాదీ పెట్టె ఎప్పుడు దించుతాడా అని చూస్తూ ఉంటే, దించడు. గుమ్మం దాటి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతాడు. కెమెరా ఆ తలుపు మీద ఉండిపోతుంది.

మా డైరెక్టరు నాకన్నా పదేళ్ళు పెద్ద. అయినా పనిపడితే నన్ను అక్కా అంటాడు. నా వెనక కుర్చీలో కూర్చుని, "ఇక్కడ దంచెయ్యాలక్కా. నీ దగ్గరున్న నవ్వులన్నీ పోగేసి వెయ్యి. మీద చప్పట్లు," అన్నాడు.

ఆయన టీ తాగొచ్చేలోపు పెట్టి చూశాను. పదిహేడు పెట్టాను. వెకిలిగా ఉంది. నలభై పెట్టాను. పాపం ఆవిడకి ఈసారీ ఆలస్యంగానే అర్థమైంది, తలుపు మూసుకున్నాక నవ్వింది. అన్నీ కలిపి పెట్టాను. ఇల్లు వదిలిపోతున్న మనిషిని వెంటపడి తరిమినట్టుంది. ఒక్కొక్కటే తీసేశాను. తీసేశాక తలుపు చప్పుడు ఒక్కటే మిగిలింది. అలాగే వదిలేశాను.

డైరెక్టరు చూసి, "ఏమిటక్కా, సౌండు పోయిందా?" అన్నాడు.

"పోలేదు. అంతే అది."

ఆయన ఇంకోసారి వెయ్యమన్నాడు. చూసి, ముక్కు చీదుకుని, నెపం జలుబు మీదికి తోశాడు. "సరే, ఉండనీ," అన్నాడు. లేస్తూ లేస్తూ, "కొత్త సీరియల్ ఒప్పుకున్నాను. నలుగురు అక్కచెల్లెళ్ళ గొడవ. నవ్వులు నువ్వే వెయ్యాలి. నువ్వు మీ ఆయన వెనక ఆ ఉప్పు మళ్ళలోకి పోవు కదా?" అని అడిగాడు.

"తెలీదు," అన్నాను.

"తెలీదంటే పోవనే. పోయేవాళ్ళకి తెలుస్తుంది," అన్నాడు. ఆయన అన్నదే నిజమేమో అనిపించింది. అదీ తాపీగానే అనిపించింది, పక్కింటివాళ్ళ సంగతి విన్నట్టు.

ఇంట్లో మా అత్తగారు అప్పుడే తన మందులూ, రెండు దుప్పట్లూ ఒక పెట్టెలో సర్దుకుంది. "నీ బట్టలు సర్దనా అమ్మాయ్?" అని రోజూ అడిగేది. నేను రోజూ "రేపు చూద్దాం" అనేదాన్ని. "పాస్టరమ్మవయ్యాక మొగుణ్ణి నువ్వు, గివ్వు అంటే బాగుండదే," అని కూడా అనేది. మా ఆయన మధ్యలో కల్పించుకోలేదు. ఆయన పుస్తకాలు మూడు అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. బీరువాలో ఆయన వైపు అర ఖాళీ అయ్యింది. నేను నా బట్టల్ని అటు జరపలేదు, తీసి బయటా పెట్టలేదు.

అభిషేకం రోజు పొద్దున తొమ్మిదికే మందిరం నిండిపోయింది. సగం మంది దేవుడి కోసం, సగం మంది చుట్టం కోసం వచ్చారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద విసనకర్రల్లా కాగితాలు ఊగుతున్నాయి. నేను ముందు వరసలో అత్తగారి పక్కన కూర్చున్నాను. బిషప్పుగారు మొదట్లోనే జనాన్ని ఓ చూపు చూసి, "ఇది మందిరం. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టు కూర్చోకండి," అని చెప్పారు. జనం బుద్ధిగా తలలూపారు. చాలామంది అప్పటికే పెదాలు బిగబట్టుకుని ఉన్నారు.

మా ఆయన తెల్లటి అంగీలో మోకాళ్ళ మీద ఉన్నాడు. వెనకనుంచి మెడ సన్నగా కనబడింది.

"పంపిన చోటికి వెళ్తావా?"

"వెళ్తాను."

ఇరవై ఎనిమిదోసారి అన్నట్టే అన్నాడు. రాగం లేదు, ఆగడం లేదు. ఎవరూ నవ్వలేదు. బిషప్పుగారి భుజాలు దిగడం నాకు కనబడింది. ఆయన నాకందించమని మైకు మా ఆయన చేతికిచ్చి, నా వైపు తిరిగారు.

"అమ్మా, తోడుగా మీరు వెళ్తారా?"

నేను లేవాలని అనుకోలేదు. కూర్చోవాలనీ అనుకోలేదు. కాళ్ళు లేచాయి. పదకొండేళ్ళుగా ఆ మాట ఎన్ని వేలసార్లు విన్నానో లెక్కలేదు. ముందుకీ వెనక్కీ తిప్పి, కోసి, అతికించి విన్నాను. నా నోటికి అది ఒక్కలాగే వచ్చు.

"వెళ్తా...ను," అన్నాను.

'తా' దగ్గర నా గొంతు లేచింది. 'ను' దగ్గర దిగింది. ఆపైన, దేవుడా, నా కళ్ళు పెద్దవయ్యాయి.

మందిరం ఘొల్లుమంది. పొద్దుటినుంచీ బిగబట్టిందంతా ఒక్కసారి వదిలేశారు. ఎడమవైపు వెనక బెంచీల్లో మొదలై, మధ్యలోకి వచ్చి, స్తంభాల దగ్గర రెండుగా చీలి ముందుకొచ్చింది. ఒకావిడ బెంచీ మీద చరుస్తోంది. నా నూట పన్నెండులో ఒక్కటీ ఇలా లేదు. నవ్వుకి మనుషుల వేడి ఉంటుందని నేను మర్చిపోయాను.

ఇటు తిరిగిన మా ఆయన మాత్రం నవ్వలేదు. ముఖం పాలిపోయింది. ఆ మాటని ఆ రాగంలో అంటే ఏమిటర్థమో ఆ మందిరంలో పిల్లలకి కూడా తెలుసు. కదలనని అర్థం.

బిషప్పుగారు చెయ్యెత్తారు. సందడి అణగడానికి చాలాసేపు పట్టింది. "అమ్మా," అన్నారు జాలిగా. "దీన్ని నేను వెళ్తాననుకోవాలా, వెళ్ళననుకోవాలా?"

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు లేచింది. చెవుడు కదా, ఆవిడ మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినబడుతుంది. "ఆ మాటన్నవాడు పదకొండేళ్ళు ఇల్లు వదల్లేదయ్యా! ఇది మాత్రం మమ్మల్ని వదిలేస్తుందా? రాసేసుకోండి!"

మళ్ళీ నవ్వు. ఈసారి బిషప్పుగారు కూడా కాస్త నవ్వారు. కానీ పెన్ను తీయలేదు. "పెద్దావిడ చెప్తే చెల్లదమ్మా. ఆమే చెప్పాలి," అన్నారు.

మందిరం నిశ్శబ్దమైంది. మా ఆయన నా వైపు చూస్తూ ఆగాడు. నేను అలవాటుగా కొలిచాను. రెండున్నర సెకన్లు అయ్యాయి. నాలుగు అయ్యాయి. ఆరయ్యాయి. ఆయన కళ్ళు పెద్దవి కాలేదు. తల దించుకోలేదు. మైకు నాకివ్వడం మర్చిపోయి చేత్తో పట్టుకునే ఉన్నాడు. ఇంతసేపు ఆగడం ఆయనకి రాదు, ఏ డైరెక్టరూ ఆగనివ్వడు. ఆ చెయ్యి చూస్తుంటే, ఈయన రైలెక్కి వెళ్ళిపోతాడు, బీరువాలో ఆ అర అలాగే ఉండిపోతుంది అన్న ఆలోచన వచ్చింది. భయం వేసింది. భయం వేసిందని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళయిందో నాకు ఏదైనా ఇలా వేసి.

అప్పుడు చెప్పాను. ఆ రెండోసారి నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. బిషప్పుగారు పెన్ను తీశారు. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు రికార్డింగు ఒకటి మందిరం వాళ్ళు మాకు పంపారు. ఉప్పు మళ్ళ పక్క ఈ ఇంట్లో, మా ఆయన ఎవరినో పరామర్శించడానికి వెళ్ళిన ఓ మధ్యాహ్నం పెట్టుకుని విన్నాను. బిషప్పుగారి ప్రశ్న ఉంది. మా ఆయన మాట ఉంది. నా మొదటి కూతా, జనం నవ్వూ, అత్తగారి కేకా అన్నీ శుభ్రంగా ఉన్నాయి. రెండోసారి నేను నెమ్మదిగా అని ఉంటాను, మైకు ఆయన చేతిలో ఉండిపోయింది, నా మాట దానికి అందలేదు. అక్కడ పదకొండు సెకన్ల ఖాళీ ఉంది. చివర్లో ఎవరో మగమనిషి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు.

రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. అందులో నేనేమీ వెయ్యలేదు.